పసుపు గీత దాటిన రోజు

యూ టీ, సింగపూర్
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం

బావకు,

నీ శ్రీలేఖ రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ అత్తమ్మా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మన పద్ధతి కదా. అందులో నీ వైపు సగం నిజమై ఉండాలని కోరుకుంటున్నాను. నా వైపు సగం సంగతి కింద రాస్తాను. తొందరపడి చివరి పేజీకి పోకు. నీకు ఆ అలవాటు ఉంది, పేపరు కూడా వెనక నుంచే చదువుతావు.

ముందు ఒక మాట. ఈ ఉత్తరాన్ని ఇంటికి పంపడం లేదు, మీ బొగ్గు బాయి ఆఫీసు చిరునామాకు పంపుతున్నాను. అందగానే జేబులో పెట్టుకో. డ్యూటీకి దిగే ముందు మాత్రం విప్పకు. గనిలోకి దిగబోయే మనిషి చదవాల్సిన ఉత్తరం కాదు ఇది. ఆదివారం, అత్తమ్మ బయటికి వెళ్ళినప్పుడు, తీరిగ్గా కూర్చుని చదువు. చదివాక నువ్వు నాతో మునుపటిలా మాట్లాడతావో లేదో నాకు తెలియదు. ఆ భయంతోనే కొన్నాళ్ళుగా వీడియో కాల్‌లో నెట్ సరిగా లేదంటూ కెమెరా ఆపేస్తున్నాను. నెట్ బాగానే ఉంది బావా.

ఇక నీ ప్రశ్నలు. మోకాలు తగ్గింది. డిసెంబరు సెలవు అడిగాను, ఆఫీసు వాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు. నాతో ఫ్లాట్‌లో ఉండే రాజమండ్రి పిల్ల కీర్తిక ఇంకా నా పచ్చళ్ళ మీద పడుతోందా అని అడిగావు. పడుతోంది. నువ్వు పంపిన చింతకాయ తొక్కు సగం తనే ఖాళీ చేసింది. ఈసారి నాకు దాని మీద కోపం రాలేదు, ఎందుకో తర్వాత నీకే తెలుస్తుంది.

బాయి లోపల మీ పానెల్‌లో పైకప్పు కూలబోతున్నట్టు చప్పుడు చేస్తే అందరినీ పైకి పంపి నువ్వు చివరగా వచ్చానని రాశావు. అదేదో మామిడిపండ్లు కొనుక్కొచ్చినట్టు ఒక్క వాక్యంలో రాసి, వెంటనే వంకాయ ధర గురించి రాశావు. ఓవర్‌మన్ అన్నవాడు తన కింది మనుషులందరి తర్వాత చివరగా రావాలన్న రూలు నాకు చెప్పకు. నేనూ బాయి కార్మికుడి బిడ్డనే. ఆ వాక్యం నేను రైల్లో చదివాను. జురాంగ్ ఈస్ట్‌లో దిగి కంపెనీ వ్యాను ఎక్కాల్సింది పోయి, ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుండిపోయాను.

మా ఫౌండ్రీలో జపాను వాళ్ళ దేవుడు ఉన్నాడని నేను రాస్తే, అదేంటో వివరంగా రాయమన్నావు. అది చెబితేనే మిగతాది నీకు అర్థమవుతుంది కాబట్టి చెబుతాను. ఓడల వెనక తిరిగే కంచు పంకాలు మేం పోత పోస్తామని నీకు తెలుసు. కొలిమికి ఎదురుగా గోడకు, మనిషి తలకన్నా ఎత్తులో, ఒక చెక్క అర కొట్టి ఉంది. దాని మీద పావురాల గూడంత చెక్క గుడి. ముందు బియ్యం, ఉప్పు, ఒక చిన్న కూజాలో నీళ్ళు. పైన గడ్డితో పేనిన తాడు, దానికి తెల్లకాగితపు తోరణాలు. అటూ ఇటూ ఏదో చెట్టు కొమ్మలు పెట్టాలట, ఆ చెట్టు ఇక్కడ దొరకదని ప్లాస్టిక్‌వి పెట్టారు. లోపల విగ్రహం లేదు, జపాను నుంచి తెచ్చిన పలక మీద పేరు ఒక్కటే. ఆమె పేరు కనయాగో. దేవుడు కాదు, దేవత. లోహం కరిగించేవాళ్ళను కాపాడుతుందట. గనుల్లోకి దిగేవాళ్ళకు వేరే కొండదేవుడు ఉన్నాడట, సొరంగం నోటి దగ్గర గుడి కట్టి మొక్కి లోపలికి పోతారట, మన బాయి మీద మైసమ్మకు మొక్కినట్టే.

ఇదంతా నాకు చెప్పింది కొలిమి ఫోర్‌మన్ అదాచి గారు. ఇనుము తీసే ఊళ్ళోనే పుట్టాడు, వాళ్ళ నాన్నా తాతా అదే పని. రోజూ పొద్దున అందరికన్నా ముందు వచ్చి నీళ్ళు మారుస్తాడు, రెండుసార్లు వంగుతాడు, రెండుసార్లు చప్పట్లు కొడతాడు, మళ్ళీ ఒకసారి వంగుతాడు. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆయన మాటలు నేను మన భాషలో రాస్తున్నాను, అంతే.

ఈ దేవతకు ఆడవాళ్ళంటే పడదు బావా. అసూయట. వెనకటి రోజుల్లో కొలిమి పాక దరిదాపులకు కూడా ఆడదాన్ని రానిచ్చేవారు కాదట. మూడేళ్ళ కింద నన్ను కరిగింపు విభాగానికి ఇన్‌చార్జిగా వేసినప్పుడు ఈయన మేనేజరు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు, మేనేజరు ఒప్పుకోలేదు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కొలిమి చుట్టూ నేల మీద భద్రత కోసం గీసిన పసుపు గీత ఉంటుంది. లోపలి పూత కొత్తగా వేశాక మొదటిసారి కరిగించే రోజున మాత్రం, లోహం దిగేదాకా నన్ను ఆ గీతకు బయట ఉండమన్నాడు. "మీకోసం కాదు, ఆమెకోసం" అన్నాడు. నేను నవ్వి సరే అన్నాను. ముసలాయన మాట, పోనీలే అనుకున్నాను.

పోయినేడాది దసరాకు నేను చేసిన నిర్వాకం నీకు చెప్పనే లేదు. మన బాయిలో యంత్రాలకు పూజ చేస్తారు కదా అని, నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది ఫోర్క్‌లిఫ్టు చక్రాల కింద పెట్టాను. పెట్టినదాన్ని ఊరుకోకుండా, దేవతే కదా అని ఆ అర మీద కూడా ఒకటి పెట్టి, గుడి గడపకు బొట్టు పెట్టాను. తెల్లకాగితాలన్నీ ఎర్రబడ్డాయి. అదాచి గారు వచ్చి చూసి పాలిపోయాడు. రక్తం అనుకున్నాడు. ఆడదాని రక్తం ఆమెకు అన్నిటికన్నా గిట్టదట. నేను కుంకుమ అని చెబుతూనే ఉన్నాను, ఆయన గుడిని దించి తుడిచి, కాగితాలన్నీ మార్చాడు. మా మైసమ్మకు ఇలాంటి పేచీలు లేవని ఆ రోజు గొప్పగా చెప్పాను. తర్వాత గుర్తొచ్చింది, నువ్వు కడుపులో ఉన్నన్నాళ్ళూ అత్తమ్మ బాయి గేటు దాటలేదని, మామయ్యకు సద్ది కూడా వేరేవాళ్ళతో పంపేదని. ఆమె ఆ మాట మన పెండ్లయిన కొత్తలో నాకు చెప్పింది.

ఈ అక్టోబరు మొదట్లో కొలిమికి కొత్త పూత వేశాం. మొదటి కరిగింపు రోజున అదాచి గారు పంటి నొప్పితో ఆస్పత్రికి పోయాడు. వేడి చూపించే మీటరు తప్పు చెబుతోందని కృష్ణప్రసాద్ నాకు చేత్తో సైగ చేశాడు. అతను మన శ్రీకాకుళం అతనే, మంచి పనిమంతుడు, కానీ లోహంలో కడ్డీ ముంచి వేడి చూడటం ఇంకా రాదు. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి, అది నా పని. నేను వెళ్ళాను. గీత దాటి, కడ్డీ ముంచి, పైన తేలిన చిట్టెం నేనే తీశాను. మీటరు తప్పే. లోహం సరిగ్గా దిగింది. అచ్చులోంచి బయటికి తీస్తే ఆ పంకాకు ఎక్కడా చిన్న చిల్లు కూడా లేదు. అంత శుభ్రమైన పోత మేం ఈ ఏడాది చూడలేదు.

ఇక నువ్వు అడిగిన చివరి ప్రశ్న. కార్తీకంలో దీపాలు పెడుతున్నావా, అమ్మ అడగమంది అని రాశావు. పున్నమి నాడు అత్తమ్మ ఫోన్‌లోనూ అడిగింది. "బిడ్డా, గుడికి వోయినవా? ఒత్తులు ముట్టిచ్చినవా?" అన్నది. పోయాను అత్తమ్మా అన్నాను. అబద్ధం చెప్పాను. గుడికి పోలేదు, ఇంట్లో దీపం పెట్టలేదు, తెలుగువాళ్ళ వనభోజనాలకు కీర్తిక రమ్మన్నా వెళ్ళలేదు. నాకు మైల బావా. ఆగస్టులో నువ్వు వచ్చి వెళ్ళాక నాకు నెల తప్పింది. దీపావళి అయిన వారంలోనే కడుపు పోయింది.

ఈ మాట రాసి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. వాన పడుతోంది. ఇక్కడ ఈ నెలంతా రోజూ మధ్యాహ్నం వానే. ఎదురు బ్లాకులో ఎవరో బట్టలు గబగబా లోపలికి తీసుకుంటున్నారు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. చెబితే కొలిమి దగ్గరికి పోవద్దంటావు. అత్తమ్మ మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తుంది. ఆఫీసు వాళ్ళు నన్ను తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెడతారు, ఆ కుర్చీలోంచి మళ్ళీ నన్ను లేపరు. కొత్త పూత, మొదటి పోత, ఈ రెండూ అయిపోతే చెబుదామనుకున్నాను. అయ్యాయి. దీపావళికి చెబుదామనుకున్నాను. ఆ రోజు ఫోన్ చేస్తే మనింటి నిండా వాడకట్టు జనం, నువ్వు టపాకాయల మధ్య నుంచి ఏదో అరుస్తున్నావు. పోనీ ఆదివారం చెబుదామనుకున్నాను. ఆదివారం రాకముందే అయిపోయింది.

కీర్తిక లేకపోతే ఏమయ్యేదో. నేను బాత్‌రూమ్‌లో గోడకు ఆనుకుని కూర్చుంటే తలుపు నెట్టుకుని వచ్చింది. "లేవే, గ్రాబ్ కారు కింద నిలబడుంది. ఆ చున్నీ చుట్టుకో, నన్ను పట్టుకో" అంది. దారంతా నా చెయ్యి వదల్లేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ తర్వాత ఒకరోజు అడిగింది, "మీ ఆయనకి చెప్పావా?" అని. లేదన్నాను. "ఎన్నాళ్ళు దాస్తావే? అది నీ ఒక్కదానిదేనా ఏంటి?" అంది. నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. కానీ ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట వల్లే.

డాక్టరమ్మ మనం దగ్గరి చుట్టాలమా అని అడిగింది. మేనరికం అని చెప్పాను. ఆమె రాసుకుంది. కొలిమి వేడి వల్లనా అని నేనే అడిగాను. అలా చెప్పడానికి లేదు, ఇంత తొందరగా పోయేవాటిలో చాలావాటికి కారణం తెలియదు, నువ్వు చేసిన తప్పేమీ లేదు అంది. నేను చదువుకున్నదాన్ని బావా. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని నాకు తెలుసు, కింద పనిచేసేవాళ్ళకు రోజూ చెప్పేది అదే. అయినా పడుకుంటే చాలు, ఆ మచ్చలేని పంకా కళ్ళముందుకు వస్తుంది. ఆ కొలిమి దేవత నాకు అది ఇచ్చి, మన బిడ్డను తీసుకుందేమో అనిపిస్తుంది. తెల్లారాక నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆఫీసులో చెప్పక తప్పలేదు. సెలవు చీటీ చూసి హెచ్ఆర్‌లో ఉండే చైనా ఆవిడ "రెస్ట్ ఫస్ట్ లా, వర్క్ కెన్ వెయిట్" అని ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో చెప్పి నా భుజం తట్టింది. ఎవరికీ చెప్పనంది. చెప్పలేదనే అనుకుంటున్నాను. అదాచి గారు మాత్రం నేను తిరిగి డ్యూటీకి వచ్చిన రోజున నా నడక చూసి కనిపెట్టాడు. నేనే ఆ అర వైపు చూడకుండా, గీతకు బారెడు దూరంగా నడిచాను. మన లెక్కలో నేను మైల, వాళ్ళ లెక్కలో నేను ఆడదాన్ని, ఎటు చూసినా నాకు అక్కడ పని లేదు.

నిన్న వాళ్ళ కొలిమి పండగ. ఏటా ఆ రోజున కొలిమి చల్లారుస్తారు, పనిముట్లు కడుగుతారు, దేవతకు నారింజలు, సారాయి పెడతారు. ఆ నారింజలు అందరికీ పంచుతారు, తింటే నిప్పు నుంచి ఏ ఆపదా రాదని నమ్మకం. పనివాళ్ళంతా గుంపుగా నిలబడ్డారు. నేను వెనకాల, తలుపు దగ్గర. అదాచి గారు నారింజల పళ్ళెం పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"మీరు పెట్టండి" అన్నాడు.

నేను వద్దన్నాను. నాకు ఇంకా మైల తీరలేదని ఎలా చెప్పాలో తెలియక, మా ఇంట్లో చావు జరిగిందని చెప్పాను.

"తెలుసు. అందుకే" అన్నాడు. "వేరే దేవతలకైతే ఇంట్లో ఎవరైనా పోతే గుడి ముందు తెల్లకాగితం అంటించి మూసేస్తాం. ఈమెకు మూయం. ఈమెకు చావంటే అంటు లేదు. వెనకట ఇనుము సరిగా దిగనప్పుడు, చచ్చినవాణ్ణి తెచ్చి కొలిమి స్తంభానికి ఆనించి నిలబెట్టేవాళ్ళమని మా తాత చెప్పేవాడు. చావు మోసుకొచ్చినవాణ్ణి ఈమె ఏనాడూ వెనక్కి పంపలేదు."

నాకు కోపం వచ్చింది. బతికున్న ఆడదాన్ని రానివ్వనిది, చావు తెచ్చుకుంటే రమ్మంటుందా అని అడిగేశాను. కృష్ణప్రసాద్ తల దించుకున్నాడు. అదాచి గారు పళ్ళెంలో నారింజలు సర్దాడు.

"నా పెళ్ళయిన ఏడాది మాకు బిడ్డ పుట్టి, పుట్టగానే పోయింది" అన్నాడు. "నేను ఆ రోజే కొలిమికి వచ్చాను. ఎవరూ ఆపలేదు. ఈమె ముందు నిలబడి ఏడ్చాను. నాకు తేలికైంది. మా ఆవిడ కూడా వస్తానంది. ఆడవాళ్ళు రాకూడదని చెప్పి ఇంట్లో ఉంచి వచ్చాను. ఆమె ఎక్కడ ఏడ్చిందో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆమె పోయి నాలుగేళ్ళయింది, ఇక అడగడానికి లేదు."

తర్వాత మళ్ళీ అన్నాడు, "పెట్టండి. ఈమెకు కోపం వస్తే నా మీద రానివ్వండి."

నేను గీత దాటి వెళ్ళాను. చల్లారిన కొలిమి పక్క నుంచి వెళ్ళి నారింజలు అర మీద పెట్టాను. చప్పట్లు ఎన్ని కొట్టాలో మరిచిపోయి, చేతులు జోడించి నిలబడ్డాను. ఏమీ మొక్కలేదు బావా. నా బిడ్డను తీసుకున్నది నువ్వేనా అని అడుగుదామనుకున్నాను, అడగలేదు. మన బిడ్డకు పేరు లేదు కదా, అందుకని మన ఇంటిపేరు చెప్పాను. ఈ ఇంట్లో ఒకరు పోయారు అని చెప్పాను. గట్టిగానే చెప్పానట, వెనక ఉన్నవాళ్ళందరికీ వినపడిందట. తెలుగు కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు, కృష్ణప్రసాద్‌కు తప్ప. అతను బయటికి వెళ్ళిపోయాడు.

నాకేమీ తేలిక కాలేదు. అదాచి గారికి అయినట్టు నాకు అవలేదు. బస్సులో వస్తుంటే ఆ దేవత గురించి అనుకోలేదు, వాళ్ళ ఆవిడ గురించే అనుకున్నాను. ఆ ఇంట్లో ఒక్కతే కూర్చుని, భర్త ఎప్పుడు వస్తాడా అని చూసి, వచ్చాక ఆయన ముఖం తేలిగ్గా ఉండటం చూసి ఉంటుంది. ఆ తర్వాత ఇక ఏం మాట్లాడుతుంది?

అత్తమ్మకు చెప్పాలో వద్దో నువ్వే తేల్చు. చెబితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు, గేటు దాటని సంగతి మళ్ళీ తీస్తుంది. అననీ. ఆమె నోట అదే మాట వస్తే నేను పడతాను. నీ నోట వస్తే మాత్రం ఎలా పడాలో నాకు తెలియదు, అందుకే ఇన్నాళ్ళు దాచాను. దాచింది నేను. ఆ తప్పు నాది. కొలిమి దగ్గరికి వెళ్ళింది మాత్రం తప్పని అనను, నువ్వు కప్పు కింద చివరిదాకా ఉండటం తప్పని నేను అనగలనా?

నువ్వు ఎలాంటివాడివో నాకు తెలుసు. ఇది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మరునాడు టోపీ లైటు తగిలించుకుని దిగుతావు. లోపల చీకట్లో, లైటు ఆపి, ఎవరూ లేని చోట కూర్చుని ఏడుస్తావు. పైకి వచ్చి స్నానం చేసి, నాకు ఫోన్ చేసి, తిన్నవా అని అడుగుతావు. నాకు ధైర్యం చెబుతున్నాననుకుంటావు.

అలా చెయ్యకు బావా. సోమవారం సెలవు పెట్టు. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, ఈసారి కెమెరా ఆపను. తిట్టడానికి మాటలు రాకపోతే ఊరికే నా ఎదురుగా కూర్చో. ఏడవాల్సి వస్తే నేను చూస్తుండగా ఏడువు. నేనింతవరకు ఏడవలేదు, నీకోసం ఆగాను.

ఇట్లు,
పేరు పెట్టకముందే పోయిన నీ బిడ్డకు తల్లి,
నీ మరదలు
శ్రీలేఖ